కాలి కింద బతుకు

నన్ను చూడాలంటే మీరు కాస్త వంగాలి. ఆర్‌ఎక్స్ 100 బండికి కుడి ఫుట్‌రెస్టు ముందు, బొటనవేలు ఆనే చోట ఒక ఇనప ముక్క ఉంటుంది. అది నేనే, కాలి బ్రేకుని. వెనక బ్రేకని కూడా అంటారు, అదీ తప్పు కాదు. తొక్కేది ముందు, పట్టేది వెనక. నా కొసన లోపలికి చిన్న వంపు ఉంది. పుట్టుకతో వచ్చింది కాదది. దాని సంగతి తర్వాత.

మా బండి 1990 నాటిది. సూరజ్‌పూర్ ఫ్యాక్టరీలో ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి మమ్మల్ని చేసేవాళ్లు. 1985లో మొదటి ఆర్‌ఎక్స్ 100 వచ్చింది, 1996లో పొగ నిబంధనల ధర్మమా అని ఆగిపోయింది. 98 సీసీల టూ స్ట్రోక్ ఇంజను, 11 గుర్రాల బలం. ఇవాళ్టి కుర్రాళ్లు ఈ అంకెలు విని పెదవి విరుస్తారు. ఒంటి బరువు వంద కిలోలకు అటూ ఇటూ అన్న సంగతి మర్చిపోయి విరుస్తారు. పైగా టూ స్ట్రోక్ ఇంజనుకు ఒక గుణం ఉంది. తక్కువ తిరుగుడులో మగతగా ఉంటుంది, ఒక మెట్టు దాటగానే ఎవరో చెంబుడు నీళ్లు మొహాన కొట్టినట్టు లేస్తుంది. ఆ లేవడంలో ముందు చక్రం కూడా లేచేది.

నా ఓనరు మంగళగిరిలో మెకానిక్ షెడ్డు నడిపే మనిషి. కొన్ననాటి నుంచీ ఆయనే. ఆయన పాదం నాకు బాగా తెలుసు. హవాయి చెప్పు, మడమ దగ్గర అరిగింది, బొటనవేలు కాస్త పక్కకు. నన్ను తొక్కిన తొక్కుడుకు లెక్కేముంది! మన వైపు మనుషులకు ముందు బ్రేకంటే దెయ్యమంత భయం. బండి నేర్పే ప్రతి అన్నయ్యా తమ్ముడికి మొదట చెప్పేది ఒకటే, "ముందు బ్రేకు కొట్టావో, బొక్కబోర్లా పడతావ్." నిజానికి బండిని గట్టిగా ఆపే సత్తా ముందు దానికే ఎక్కువ. ఆగేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది కదా. అయినా అది చేతి దగ్గర కుదురుగా కూర్చుని ఉంటుంది, ఊళ్లో ఉన్న కుక్కలకీ గేదెలకీ ఆటోలకీ నేనే నలగాలి. ఆరేడు నెలలకోసారి నా షూలు అరిగిపోయేవి. ఆయన రాడ్డు చివర నట్టు రెండు చుట్లు బిగించి, "ఇంకో నెల లాగుతుందిలే" అనేవాడు. షెడ్డు ఓనరు బండికి రిపేరంటే అంతే, వంటమనిషి ఇంట్లో పస్తులన్నట్టు.

మా బండి ముందు చక్రం లేపి చేసిన మొదటి వీలీ ఎవరూ చూడలేదు, చేసిన మనిషి కూడా కావాలని చెయ్యలేదు. పెళ్లైన కొత్తల్లో అత్తారింటి నుంచి 75 కిలోల బియ్యం బస్తా వెనక కట్టుకుని కాలవ కట్ట ఎక్కుతున్నాడు. ఎక్కుడు, వెనక బస్తా, ఫస్టు గేరు. ముందు చక్రం మెల్లగా నేల వదిలేసింది. హ్యాండిలు తేలికైపోయింది, ఎటు తిప్పినా బండి తిరగదు. ఆయన నన్ను తొక్కాడు. ముందు చక్రం 'ధబ్'మని దిగింది. వెనక పాల క్యాన్లు కట్టుకుని కట్టలెక్కే వాళ్లందరికీ ఈ విద్య తెలుసు, పేరు తెలియదంతే.

ఇక ఆయన మేనల్లుడి సంగతి. డిగ్రీ రెండో ఏడు, చేతిలో కొత్త లైసెన్సు. మావయ్య నిద్రపోయాక షెడ్డు తాళం తీసి మమ్మల్ని బయటికి నడిపించి, సందు చివరిదాకా స్టార్టు చెయ్యకుండా తోసుకుపోయేవాడు. హైవే అవతల ఒక వెంచరుంది. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి గానీ ఒక్క ఇల్లూ లేవలేదు. సరిహద్దు రాళ్లు, తుమ్మ మొక్కలు, ఆర్చీ మీద పేరు, మధ్యలో ఎవరూ నడవని నల్లటి తారు రోడ్డు. రియల్ ఎస్టేటు వాళ్లు కుర్రాళ్ల కోసమే వేశారేమో అనిపిస్తుంది అలాంటి రోడ్లు చూస్తే.

వీలీ ఎలా చెయ్యాలో ఫోన్లో చూసి వచ్చాడు. ఫస్టు గేరులో మెల్లగా పోనిచ్చి, క్లచ్చు సగం పట్టి, యాక్సిలేటర్ తిప్పి, క్లచ్చు ఒక్కసారిగా వదలాలి. పదిసార్లు వదిలితే తొమ్మిదిసార్లు చక్రం జానెడు లేచి టపీమని పడింది. పదోసారి ఇంజను ఆ మెట్టు దాటిన క్షణమూ క్లచ్చు వదిలిన క్షణమూ కలిశాయి. ముందు చక్రం ఆకాశం వైపు పోయింది. మనిషి వెనక్కి వేలాడాడు. భయపడ్డ మనిషి హ్యాండిలుని గట్టిగా పట్టుకుంటాడు, పట్టుకుని వెనక్కి లాగుతాడు, లాగితే కుడి చెయ్యి యాక్సిలేటర్‌ని ఇంకా తిప్పుతుంది. లేచే బండిని ఇంకా లేపేది ఆ భయమే.

నేను అక్కడే ఉన్నాను. బొటనవేలికి రెండంగుళాల దూరంలో. కానీ ఆ పాదం నా మీద లేదు. నేలను వెతుక్కుంటూ గాల్లో ఆడుతోంది. ముప్పై ఏళ్లుగా నన్ను అనవసరానికి తొక్కిన జాతి ఇది. అవసరమైన ఆ ఒక్క నిమిషంలో కాలు ఎత్తేసింది! నాకెంత ఒళ్లు మండిందో మీకు చెప్పలేను.

వెనక లైటు ముక్కలైంది, నంబరు ప్లేటు మడత పడింది. కుర్రాడు పిర్రల మీద పడి, మోచేతి తోలు రోడ్డుకు ఇచ్చి, ఒక చెప్పు తుమ్మ మొక్కల్లో వదిలి లేచాడు. తల నేలకు కొట్టుకోకపోవడం అతని గొప్పా కాదు, నా గొప్పా కాదు.

పొద్దున్నే మావయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏమైందిరా?"

"కుక్క అడ్డొచ్చింది మావయ్యా."

ఆయన ఏమీ అనలేదు. కుక్క అడ్డొచ్చి పడితే హ్యాండిలు వంగుతుంది, ఇండికేటర్ పగులుతుంది, ఫుట్‌రెస్టు గీసుకుపోతుంది. ముందు భాగం పెళ్లికూతురిలా ఉండి వెనక లైటు మాత్రం పొడైపోయిందంటే, ఆ కుక్క ఆకాశం నుంచి రావాలి. మెకానిక్ దగ్గర అబద్ధం ఆడేవాడు ముందు బండితో మాట్లాడుకుని రావాలి.

సాయంత్రం ఆయన రెంచి పట్టుకుని నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నా ఎత్తు సవరించాడు. కుర్రాణ్ణి బండెక్కించి, షూ వేయించి, కాలి ముందు భాగం ఎప్పుడూ నా మీద ఆని ఉండేలా మళ్లీ మళ్లీ సరిచేశాడు. "లేపడం ఏముందిరా, అది ఇంజను చేస్తుంది. నువ్వు నేర్చుకోవాల్సింది దింపడం." ఇంతకుమించి తిట్టలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

ఆ తర్వాత రెండు నెలలు ఆదివారం తెల్లవారుజామున ముగ్గురం వెంచరుకు పోయేవాళ్లం. ముగ్గురంటే వాళ్లిద్దరూ నేనూ. మిగతా బండిని నేను లెక్కలోకి తీసుకోను. తలకు హెల్మెట్టు, చేతులకు గ్లవుజులు, మందపాటి ప్యాంటు. ఇక్కడ ఆయన పెట్టిన పాఠం వినడానికి చాలా చప్పగా ఉంటుంది. చక్రం జానెడు లేపు, వెంటనే బ్రేకు తొక్కు. మళ్లీ జానెడు, మళ్లీ బ్రేకు. పొద్దెక్కేదాకా అంతే. చక్రం బాగా లేచిందని సంబరపడి బ్రేకు మర్చిపోతే ఆయన ఈల వేసి ఆపేవాడు, ఆ రోజుకు బడి బందు. ఆలోచించి తొక్కే కాలు పనికిరాదు, ఆలోచన వచ్చేలోపు తొక్కేసే కాలు కావాలి.

ఎందుకో నా మాటల్లో చెబుతాను. బండి బరువూ మనిషి బరువూ కలిపి ఒక చోట కుప్ప పోసినట్టు అనుకోండి. మామూలుగా ఆ కుప్ప రెండు చక్రాల మధ్యన ఉంటుంది. ముందు చక్రం లేచే కొద్దీ అది వెనక్కి జరుగుతూ, వెనక టైరు నేలను తాకే చోటికి సరిగ్గా పైకి వస్తుంది. వాళ్లు బ్యాలెన్సు పాయింటు అనేది దాన్నే. అక్కడికి చేరకముందు యాక్సిలేటర్ వదిలితే చాలు, చక్రం తనంతట తనే దిగుతుంది. దాటిపోయాక యాక్సిలేటర్‌ని నమ్ముకుని లాభం లేదు. ముందు బ్రేకు ఎంత గట్టిగా పట్టినా గాల్లో ఉన్న చక్రం దేన్ని ఆపుతుంది? అప్పుడు మిగిలేది నేనే. నా షూలు డ్రమ్మును కరుచుకుంటాయి, వెనక చక్రం నెమ్మదిస్తుంది, పైన ఉన్న బరువు మాత్రం వచ్చిన ఊపులోనే ముందుకు పోతుంది. వడివడిగా నడిచేవాడి కాలికి గడప తగిలితే ఏమవుతుంది? ముందుకు తూలుతాడు. బండీ అంతే, ముందుకు తూలి చక్రం నేలకు దించుతుంది.

అయితే నన్ను గట్టిగా తొక్కితే అదో తంటా. చక్రం పిడుగులా పడుతుంది. ఆ నెలల్లో ఫోర్కు ఆయిల్ సీళ్లు రెండుసార్లు కారాయి, హ్యాండిలు కింద కోన్ సెట్టు గుంటలు పడి తిప్పినప్పుడు కటకటలాడింది, స్పోకులు వదులయ్యాయి, క్లచ్చు ప్లేట్లు మాడిన వాసన షెడ్డంతా. మావయ్య ప్రతి పార్టూ కుర్రాడి చేతే విప్పించి, వాడి పాకెట్ మనీతోనే కొనిపించాడు. వీలీ చేయడం కంటే కోన్ సెట్టు ఎక్కించడం బాగా నేర్చుకున్నాడని నా అభిప్రాయం. మాది టూ స్ట్రోక్ కాబట్టి ఒక బెంగ తప్పింది. ఫోర్ స్ట్రోక్ బండి అయితే ముందు భాగం లేచినప్పుడు ఇంజనులో అడుగునున్న ఆయిలు వెనక్కి పోతుంది, ఎక్కువసేపు అలాగే ఉంచితే పంపుకు అందక ఇంజను ఎండుతుంది. మాకు ఆయిలు పెట్రోలుతో పాటే లోపలికి పోతుంది.

నెల తిరిగేసరికి తొక్కుడు మారింది. మొదట్లో తలుపు తన్నినట్టు తన్నేవాడు, తర్వాత తర్వాత హార్మోనియం మెట్టు నొక్కినట్టు నొక్కేవాడు. చక్రం నడుమెత్తున నిలబడి ఉంటుంది, చెయ్యి కాస్త ఇస్తుంది, కాలు కాస్త తీసుకుంటుంది, ఇస్తుంది, తీసుకుంటుంది. దించేటప్పుడు హ్యాండిలు నిటారుగా ఉంచాలన్నది కూడా వంటపట్టింది. వంకరగా దిగితే హ్యాండిలు కొట్టుకుని మనిషిని విసిరేస్తుంది.

షెడ్డులో టీ తాగుతూ కుర్రాడు ఫోన్లో రికార్డులు చదివేవాడు. 1984లో అమెరికాలో డగ్ డొమోకోస్ అనే ఆయన ట్యాలడేగా రేసు ట్రాకు మీద ముందు చక్రం దించకుండా 145 మైళ్లు పోయాడట, దిగడానికి కారణం పెట్రోలు అయిపోవడమేనట. 1991లో జపాన్‌లో యసుయుకి కుడో హోండా టీఎల్‌ఎం 220ఆర్ బండి మీద 331 కిలోమీటర్లు పోయాడట. "విజయవాడ నుంచి హైదరాబాదు దాటి పోవచ్చు మావయ్యా!" అన్నాడు కుర్రాడు. "సూర్యాపేటలో టీకి కూడా ఆగకుండానా?" అన్నాడు మావయ్య. నేను మాత్రం ఆ రెండు బండ్ల వెనక బ్రేకుల గురించి ఆలోచించాను. వాటి పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

మా వాళ్లకు మంచి రోజులు వచ్చిన చోటూ ఉంది. స్టంటు చేసేవాళ్లు వెనక బ్రేకుకు రెండో మీట పెట్టి, హ్యాండిలు మీద క్లచ్చు పక్కకు ఎక్కిస్తారు, ఒంటి వేలితో నొక్కుకోవడానికి. కాళ్లు ట్యాంకు మీద పెట్టినా సీటు మీద పెట్టినా బ్రేకు చేతిలో ఉంటుంది. కాలి కింద బతుకు నుంచి చేతికి ప్రమోషన్! వెనకాల ఇనప కడ్డీ కూడా బిగిస్తారు, బండి మరీ నిలువుగా లేస్తే అది నేలకు గీసుకుని ఆపుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. చక్రం జారకుండా బ్రేకును పట్టి వదిలే యంత్రం అది. రోడ్డు మీద ప్రాణాలు కాపాడుతుంది. కానీ ఒక చక్రం గాల్లో, ఒకటి నేల మీద ఉంటే దానికి లెక్క కుదరదు, తొక్కిన బ్రేకును వదిలేసినా వదిలేస్తుంది.

అలాంటి కొత్త బండి ఒకటి షెడ్డుకొచ్చింది. కుర్రాడి స్నేహితుడిది. హైవే మీద రీలు కోసం లేపాడు, పోలీసులు పట్టుకున్నారు. ప్రమాదకరంగా నడిపితే 2019 సవరణ తర్వాత మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, ఒక్కోసారి రెండూ. నడిపింది మైనరైతే కన్నవాళ్లకు 25 వేల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు. ఆ కుర్రాడికి పద్దెనిమిది నిండి వారమే అయిందట. వాళ్ల నాన్న షెడ్డు బయట బెంచీ మీద కూర్చుని ఒకటే అడిగాడు, "దీన్ని అమ్మితే ఎంతొస్తుంది?"

మొన్న సంక్రాంతికి వెంచరులో కుర్రాడు రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం ముందు చక్రం దించకుండా పోయాడు. నేను ఆ కాలి కింద ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. దిగాక మావయ్య చెయ్యి చాపి తాళం అడిగాడు. యాభై అయిదు దాటిన మనిషి, మోకాలు సరిగ్గా మడవదు. హెల్మెట్టు పెట్టుకున్నాడు, చెప్పులు విప్పి కుర్రాడి షూ వేసుకున్నాడు. ఆయన పాదం వచ్చి నా మీద ఆనింది. ముప్పై నాలుగేళ్ల పాదం. క్లచ్చు వదిలిన చప్పుడే వినబడలేదు. చక్రం లేచింది, నిలబడింది, కాలు నన్ను తట్టింది, దిగింది. కోడిపెట్ట గుడ్డు మీద కూర్చున్నంత మెత్తగా.

కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత వంగి, మొదటిసారి నన్ను పరీక్షగా చూశాడు. కొసన ఉన్న వంపు మీద వేలు పెట్టాడు.

"ఇదెప్పుడు వంగింది మావయ్యా?"

1991. గుంటూరు. కాలేజీ గ్రౌండు. బండి నిలువుగా లేచి కుడి పక్కకు ఒరిగి నా మీదే పడింది. చూసింది నేనొక్కదాన్నే.

మావయ్య హెల్మెట్టు తీసి, నుదురు తుడుచుకుని, ఆర్చీ వైపు చూశాడు.

"కుక్క అడ్డొచ్చిందిరా."