చుక్కల రాయుడు

రాయదుర్గం మెట్రో దిగి మైండ్‌స్పేస్‌లో ఏ ఆఫీసుకి వెళ్లినా, టీమ్‌కొక చుక్కల రాయుడుంటాడు. మీటింగులో అందరూ మాట్లాడుతుంటే అతను టైప్ చేస్తుంటాడు. మౌస్ ముట్టడు. శీర్షికకి ఒక హ్యాష్, ఉపశీర్షికకి రెండు, ముఖ్యమైన మాటకి అటు రెండు చుక్కలు (**), ఇటు రెండు చుక్కలు. అతని లెక్కలో ముఖ్యం కాని మాటే లేదు గనక పేజీ అంతా బోల్డే.

కొత్తగా చేరిన కుర్రాడెవరైనా బోల్డ్ కోసం పైనున్న ‘బి’ బొత్తాం నొక్కాడా, ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టు విలవిల్లాడతాడు. టీ తాగించి మరీ క్లాసు పీకుతాడు: 2004లో జాన్ గ్రూబర్ ఈ చుక్కల రాతని మార్క్‌డౌన్ పేరిట తెచ్చాడనీ, ఉత్త టెక్స్ట్ ఈమెయిళ్లలో జనం పెట్టుకునే చుక్కలూ గీతలే దానికి మూలమనీ, ఏ యాప్ మూతపడ్డా టెక్స్ట్ ఫైలు బతికే ఉంటుందనీ. అబద్ధమేం కాదు. ఆ నమ్మకంతోనే నోట్సంతా ఎవర్‌నోట్ నుంచి నోషన్‌కి, అక్కణ్ణుంచి అబ్సిడియన్‌కి మోసుకొచ్చాడు. చదవడానికే ఇంకా తీరిక దొరకలేదు.

చిక్కల్లా ఊరికో ఆచారం. నోట్సులో బోల్డ్‌కి రెండు చుక్కలు, వాట్సాప్‌లో ఒకటే. ఆ ఒక్కటే నోట్సులో పెడితే అక్షరాలు పక్కకి వాలిపోతాయి. 2014లో కొందరు కూడి కామన్‌మార్క్ పేరిట నియమావళి రాశారు గానీ, రాయుడి ఫ్యామిలీ గ్రూపుకి ఆ కబురు అందలేదు.

తెలుగులో రాయాల్సి వస్తే మరీ కష్టం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టి 8 నొక్కితే చుక్క రాదు, ‘శ్ర’ వస్తుంది. ఆఫీసు ఉగాది వేడుకకి నోటీసు రాయమంటే వేళ్లు అలవాటుకొద్దీ పరిగెత్తి ‘శ్రశ్రకవిసమ్మేళనంశ్రశ్ర’ అని కొట్టాయి. హెచ్ఆర్ అమ్మాయి అచ్చుతప్పనుకుని ‘శ్రీశ్రీ కవిసమ్మేళనం’ అని దిద్ది బ్యానర్ కట్టించింది. వచ్చినవాళ్లంతా మరో ప్రపంచం గురించే చదివారు.

ఇంటి సరుకుల చీటీకీ ఇదే మడి. ఒక్కో సరుకు ముందు ఒక గీత, బ్రాకెట్ల మధ్య ఒక ఖాళీ. నోట్సు యాప్‌లో అది ముచ్చటైన గడి అవుతుంది. వాట్సాప్‌లో బ్రాకెట్లు బ్రాకెట్లుగానే కొండాపూర్ కిరాణా కొట్టుకి చేరాయి. కొట్టాయన ఫోన్ చేశాడు.

“సార్, కందిపప్పు, చింతపండు, పల్లీలు... అన్నిట్ల లెక్క రాసే జాగ ఖాళీగ ఇడిశిపెట్టిన్రు. ఎన్ని కిలోలు?”

“అది లెక్క కోసం కాదన్నా. సరుకు వచ్చాక టిక్కు పెట్టుకునే గడి.”

“మంచిది సార్. మరి ఎన్ని కిలోలు?”

రాయుడు చీటీ పైనుంచి కిందకి చూశాడు. మూడు శీర్షికలున్నాయి, ఉపశీర్షికలున్నాయి. కిలోలు లేవు.

“ఫోన్ జర మేడంకియ్యుండ్రి సార్,” అన్నాడాయన.