ఇస్తినమ్మ ఓటు!

విదేశాల్లో ఉన్న భారతీయులకు ఓటు హక్కు లేదని ఎవరన్నారు? భేషుగ్గా ఉంది. పార్లమెంటు 2010లో చట్టం సవరించింది, 2011 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. ఫారం 6ఏ నింపి పాస్‌పోర్టు, వీసా నకళ్లు జతచేస్తే చాలు. బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) మీ ఊళ్లో మీ ఇంటికెళ్లి, మీవాళ్లను అడిగి, మీరు మీరేనని తేల్చుకుంటాడు. జాబితాలో ప్రవాసులకంటూ విడిగా ఓ చోటు కూడా ఉంది. ఇక మిగిలింది చిన్న లాంఛనం. పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు పట్టుకుని, మీ ఊరి బడి దగ్గరికి మీరే వచ్చి, క్యూలో నిలబడాలి. మీరుండేది దమ్మామైనా డాలసైనా సరే.

నోముల్లో వాయనం పుచ్చుకునే ముత్తైదువ ఎదురుగా ఉండి తీరాలి. మన సర్కారు కూడా 2011 నుంచీ "ఇస్తినమ్మ ఓటు" అంటూ చేట పట్టుకుని వాకిట్లో నిలబడే ఉంది. పుచ్చుకోవలసినవాడు ఎడారిలో ఇటుకలు పేరుస్తున్నాడే, ఎలా వస్తాడన్న ఆలోచన మాత్రం దానికి రాదు.

ఎందరు పుచ్చుకున్నారో చూద్దాం. 2024 లోక్‌సభ ఎన్నికలకు నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.19 లక్షలు. వచ్చి ఓటేసినవాళ్లు 2,958. అందులో 2,670 మంది కేరళవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది పేరెక్కించుకుంటే 195 మంది వచ్చారు. కర్ణాటకలో 885 మంది ఉంటే వచ్చింది సున్నా. ఈ రెండు రాష్ట్రాల్లో ఇన్నాళ్ల ప్రజాస్వామ్య విస్తరణ ఫలితం ఒక మోస్తరు పెళ్లి భోజనాల బంతికి సరిపోదు.

రానివాళ్లకు దేశభక్తి లేదనుకునేరు! జగిత్యాల నుంచి రియాద్ వెళ్లిన తాపీమేస్త్రీ సంగతే తీసుకోండి. సెలవిచ్చేది కంపెనీ. తారీఖు చెప్పేది ఎన్నికల సంఘం. ఈ రెండూ మాట్లాడుకోవు. 2024లో షెడ్యూలు వచ్చింది మార్చి 16న, తెలంగాణలో పోలింగ్ మే 13న. ఆ మధ్యలో మేస్త్రీ సూపర్‌వైజర్‌ను బతిమాలాలి, సెలవులో పోయిన జీతాన్ని మరిచిపోవాలి, టికెట్‌కు అప్పు చేయాలి. ఇదంతా ఒక్క మీట నొక్కడానికి.

అదే రియాద్‌లో, మన ప్రభుత్వం రాయబార కార్యాలయానికి పంపిన గుమస్తా ఉన్నాడు. ఆయనకు ఈ తిప్పలు లేవు. చట్టం దృష్టిలో ఆయన సర్వీసు ఓటరు. బ్యాలెట్ కంప్యూటర్‌లోకే వస్తుంది. ప్రింటు తీసి, గుర్తు పెట్టి, ఫారం 13ఏ డిక్లరేషన్ జతచేసి, కవరు అంటించి పోస్టులో వేస్తే చాలు. లెక్కింపు మొదలయ్యేలోగా రిటర్నింగ్ అధికారికి చేరితే ఆ ఓటు చెల్లుతుంది. ఆయనతో ఉంటున్న భార్యకూ ఇదే సదుపాయం. ఊరొకటే, పాస్‌పోర్టు ఇచ్చిన దేశమొకటే, సముద్రం దాటే తపాలా ఒకటే. జీతమిచ్చేవాడు వేరు కాబట్టి, గుమస్తా కవరు పవిత్రం, మేస్త్రీ కవరు ప్రమాదకరం.

మేస్త్రీకీ ఆ కవరు ఇవ్వడం చేతకాక ఆగిన పనా అంటే, అదీ కాదు. ప్రవాసులకూ ఈ పద్ధతి వర్తింపజేయడానికి తాము సిద్ధమని ఎన్నికల సంఘమే 2020 నవంబరులో న్యాయశాఖకు రాసింది. అంతకుముందు, మీ బదులు ఊళ్లో మరొకరు ఓటేసేలా ఒక బిల్లు తెచ్చారు. అంటే మీ మనసులోని మాట మీ బావమరిది వేలితో బయటికొస్తుందన్నమాట. 2018 ఆగస్టులో లోక్‌సభ దానికి సరేనంది. రాజ్యసభ గడప దాటకుండానే 2019లో ఆ బిల్లు కాలం చేసింది.

అభ్యంతరాలకైతే కొదవలేదు. పరాయి దేశంలో యజమాని బలవంతపెడతాడట! జగిత్యాలలో ఎవరు గెలవాలన్నది రియాద్ కాంట్రాక్టరుకు అంత పట్టింపని మాకిప్పటిదాకా తెలియదు. దూరంగా ఉంటే డబ్బుకు లొంగుతారట! పోలింగ్‌కు ముందురోజు రాత్రి మన వీధుల్లో పంచేది తీర్థప్రసాదాలు కాబోలు. ఊళ్లో లేనివాడికి ఊరి కష్టాలేం తెలుసట! జూబ్లీహిల్స్‌లో కాపురముండి, నామినేషన్ నాడు నియోజకవర్గానికి దారి అడిగే అభ్యర్థిని ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

ఓటు రహస్యంగా ఉండాలన్నది మాత్రం నిజమైన చిక్కే. దాన్ని దాటే దారులూ ఉన్నాయి. ఫిలిప్పీన్స్ 2003లోనే చట్టం చేసి, గల్ఫ్‌లోని తన నర్సులకూ డ్రైవర్లకూ అక్కడి నుంచే ఓటేసే వీలు కల్పించింది. గచ్చిబౌలిలో ఉంటున్న అమెరికా పౌరుడు ముందుగా అడిగి ఉంచితే, వాళ్ల దేశ ఎన్నికలకు 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని అక్కడి చట్టం. అమెరికా వ్యోమగామి డేవిడ్ వోల్ఫ్ 1997లో మీర్ అంతరిక్ష కేంద్రం నుంచే ఓటేశాడు. మనవాడు భూమ్మీదే ఉన్నా లాభం లేదు.

కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగువాడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటరుగా నమోదైతే బ్యాలెట్ ఇంటికే పోస్టులో వస్తుంది. తీసుకోకుండా భారతీయుడిగానే మిగిలిపోతే, ఆ విశ్వాసానికి బహుమానంగా విమానమెక్కి రావాలి.

2022లో ప్రవాసులు మన దేశానికి పంపిన సొమ్ము సుమారు 11,100 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము పంపడానికి ఎవరూ పాస్‌పోర్టు పట్టుకుని ఊరి బడి ముందు నిలబడనక్కర్లేకపోయింది. మేస్త్రీ డబ్బు నిమిషాల్లో ఊరు చేరుతుంది, దాని మీద ఎవరికీ అనుమానం రాదు. ఓటు దగ్గరికొచ్చేసరికే మనిషి కావాలి.

అయ్యా, గుమస్తాకిచ్చిన కవరే మేస్త్రీకీ ఇవ్వండి. ఇవ్వడం ఇష్టం లేదంటారా, దాపరికమెందుకు? ఫారం 6ఏలో మరో రెండు గడులు చేర్చండి: టికెట్‌కు డబ్బుందా? సెలవు దొరుకుతుందా? లేదన్నవాళ్ల దరఖాస్తు అక్కడికక్కడే తిప్పి పంపండి. బీఎల్వోకైనా ఒక నడక తగ్గుతుంది.