'ఇతరములు' చదివినవాడు

ఈ మధ్య ఏ యూనివర్సిటీ బ్రోషర్ తెరిచినా పచ్చగడ్డి మీద ఒకబ్బాయి, ఒకమ్మాయి ల్యాప్‌టాప్‌లోకి చూస్తూ నవ్వుతుంటారు. ల్యాప్‌టాప్‌లో అంత నవ్వొచ్చే విషయం ఏముందో మనకు తెలీదు. బహుశా ప్లేస్‌మెంట్ పేజీ అయ్యుంటుంది. కోర్సు పేరు ఏదో ఒక 'స్టడీస్'. అందులో చరిత్ర కొంత, డేటా సైన్స్ కొంత, పర్యావరణం కాస్త, తత్వశాస్త్రం చిటికెడు. ఫీజు మాత్రం కలగాపులగం కాదు, అచ్చమైన అర్థశాస్త్రం. ఇది చదివితే విమర్శనాత్మక ఆలోచన, సమస్యా పరిష్కారం, నాయకత్వ లక్షణాలు వస్తాయట. ఇంత ఫీజు ఎందుకని తండ్రి అడిగితే, అది కూడా విమర్శనాత్మక ఆలోచనే గానీ దానికి క్రెడిట్లు లేవు.

దీనికంతటికీ మూలం 2020 జాతీయ విద్యా విధానం. బాణభట్టుడి కాదంబరిని, అరవై నాలుగు కళలను ప్రస్తావించి, సంగీతం నుంచి వడ్రంగం దాకా అన్నీ వచ్చినవాడే చదువుకున్నవాడని ఆ పత్రం గుర్తుచేసింది. బాగానే ఉంది. అయితే బాణుడికి పోషకుడిగా హర్షుడున్నాడు. మనవాడికి ఉన్నది నౌకరీ.కామ్.

ఆ విధానంలో ఇంకో సదుపాయం ఉంది. ఏడాది చదివి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లు ఓపిక పడితే ఆనర్స్. వెనకటికి చదువు మధ్యలో మానేసినవాడికి ఊళ్లో వేరే పేరుండేది. ఇప్పుడు 'మల్టిపుల్ ఎగ్జిట్' అంటున్నారు.

నిజానికి మన పాత బీఏ తక్కువదా? హెచ్‌ఈపీ అంటే చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి, మూడూ సమానంగా చదివేవాళ్లు. బీఎస్సీలో బీజడ్‌సీ అలాంటిదే. దాన్నెవరూ బహుళశాస్త్ర విద్య అనలేదు, 'ఉత్త డిగ్రీ' అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఆ మూడింటి బదులు ఒకే మేజరు, పక్కన ఓ మైనరు పెట్టారు. సబ్జెక్టులన్నీ కలపాలన్న విధానాన్ని అమలు చేస్తూ మూడింటిని ఒకటి చేసిన ఆ లెక్క ఏ శాస్త్రం కిందికి వస్తుందో పెద్దలే చెప్పాలి.

సరే, పట్టా వచ్చింది. అసలు కథ సర్టిఫికెట్ వెరిఫికేషన్ కౌంటర్ దగ్గర మొదలవుతుంది.

"ఏం చదివావమ్మా?"

"సైన్స్, టెక్నాలజీ అండ్ సొసైటీ స్టడీస్ సార్."

"అంటే సైన్సా, సోషలా?"

"రెండూ సార్."

"రెండూ అంటే ఏదీ కాదన్నమాట. నోటిఫికేషన్ చూశావా? 'సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ' అని ఉంది. ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ పట్టుకురా."

ఆ అమ్మాయి యూనివర్సిటీకి వెళ్తుంది. ఇలాంటి కోర్సు దేశంలో మరోటి లేదని బ్రోషర్‌లో వేసుకున్నవాళ్లు, అది ఫలానా కోర్సుతో సమానమని ఎలా రాసిస్తారు? చివరికి ఆన్‌లైన్ దరఖాస్తులో సబ్జెక్టు అన్నచోట అన్నిటికన్నా కిందకి దిగి 'ఇతరములు' నొక్కుతుంది. నాలుగేళ్లలో సంపాదించిన సమస్యా పరిష్కార నైపుణ్యం అక్కడ పనికొస్తుంది.

ఇదే కౌంటర్‌కి గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారు వచ్చి ఉంటే ఏమయ్యేదా అనిపిస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, సైన్యంలో ఉద్యోగం దొరుకుతుందేమోనని కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరితే, దాని వ్యవస్థాపకుడు మహలనోబిస్ మనుషుల కొలతల లెక్కలు చేతిలో పెట్టారు. 1946లో కేంబ్రిడ్జి మ్యూజియం వాళ్లు సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకలను విశ్లేషించమని పిలిపించారు. లెక్కల మాస్టారూ, పాతకాలపు ఎముకలూ! మన కౌంటర్ గుమాస్తా అయితే "ఎముకలకి బీజడ్‌సీ ఉండాలండీ, మీది ఎంపీసీ" అని ఫైలు వెనక్కి తోసేవాడు. ఆ ఎముకల పని నుంచే ఆయన గణాంకశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు. అంత ఆలస్యం మన దగ్గర పింఛను ఫైలుకే జరుగుతుందనుకున్నాను.

అలాగని 'ఇతరములు' వాళ్లకి తలుపులన్నీ మూసేశారనడం అన్యాయం. 'ఏదైనా డిగ్రీ' అనే సింహద్వారం ఒకటుంది. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, సివిల్స్ అన్నీ అందులోంచే. బ్రోషర్‌లో కెరీర్ మార్గాలంటూ పాలసీ అనలిస్టు, సస్టైనబిలిటీ కన్సల్టెంటు అని రాస్తారు గానీ, ఆ మార్గాల్లో చాలామటుకు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల పేట అశోక్‌నగర్‌లోనే కలుస్తాయి.

ఆ మాటకొస్తే అసలైన బహుళశాస్త్ర విశ్వవిద్యాలయం అశోక్‌నగరే. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ చూడండి: వ్యాసరచన, చరిత్ర-సంస్కృతి-భూగోళం, సమాజం-రాజ్యాంగం, ఆర్థికం, సైన్స్-డేటా విశ్లేషణ, తెలంగాణ ఉద్యమం, వీటికి తోడు ఇంగ్లిష్‌లో గట్టెక్కాలి. మెకానికల్ ఇంజినీరు శాతవాహనుల గురించి, తెలుగు ఎంఏ ద్రవ్యోల్బణం గురించి ఒకే హాస్టల్ గదిలో, ఒకే బల్బు కింద వాదించుకుంటారు. క్యాంపస్ గడ్డి లేదు, ఫొటో లేదు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరికితే అదే అడ్మిషన్.

పైగా సిలబస్ ఎప్పటికప్పుడు పెరుగుతుంటుంది. 2022 గ్రూప్-1 నోటిఫికేషన్ ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, ఒకసారి ప్రశ్నపత్రం లీకై, రెండోసారి హైకోర్టు తీర్పుతో. కాబట్టి ఆ బ్యాచ్‌కి నేరశాస్త్రం, న్యాయశాస్త్రం అదనపు క్రెడిట్ల కింద వేసుకోవచ్చు. ఫీజు కూడా లేదు.