గప్పీ పద్యం: సటీకా తాత్పర్యం

మూలం

జంట చేప లిచ్చి జాగ్రత్త యనెనయ్య
నెలకు పిల్లలయ్యె నిండెఁ దొట్టి
తల్లి పిల్లఁ దినెను తల్లడిల్లితి నేను
గాజు తొట్టిలోన గప్పి మాయ

అవతారిక

బాన్సువాడకు చేరువలో, మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ పక్కన మా మహమ్మద్ నగర్. అంత సాగరం పక్కనుండగా రెండడుగుల గాజు తొట్టి ఎందుకని అడిగినవాళ్లకు జవాబుగా మా బామ్మర్ది ఈ ఆటవెలదిని స్కెచ్ పెన్నుతో తొట్టి అద్దం మీదే రాసిపెట్టాడు. చేపలు అతనివి, ఇల్లు మాది, నీళ్లు మార్చే చెయ్యి నాది. కనుక టీక రాసే అధికారమూ నాదే.

ప్రతిపదార్థం

జంట చేపలు = ఒక పోతు, ఒక పెంటి (పొట్టిగా, రంగుల తోకతో గంతులేసేది పోతు; లావుగా, వన్నె తక్కువగా ఉండి, తోక వైపు పొట్ట మీద నల్లమచ్చ గలది పెంటి); ఇచ్చి = ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, గాలి నింపి, రబ్బరు బ్యాండు బిగించి చేతిలో పెట్టి; జాగ్రత్త అనెను = ‘పిల్లలు పెడ్తయ్, జర పైలం’ అనెను; నెలకు = 21 నుంచి 30 రోజులలోపల, నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకా ముందే; పిల్లలయ్యె = కళ్లే తప్ప ఒళ్లు కనబడని చుక్కలు రెండు డజన్ల దాకా ఈదుతూ అగపడెను; తొట్టి నిండెను = మూడో నెలకు నిండెను; తల్లి పిల్లఁ దినెను = స్పష్టం; తల్లడిల్లితి = కవి ఒక పూట అన్నం మానెను, రెండో పూట తినెను.

పాఠాంతరం

‘రెండు చేప లిచ్చి’ అని మా ఇంటావిడ పాఠం. ‘జాగ్రత్త’లోని జాకారంతో యతి చెడుతుంది గనుక అసాధువు. పైగా అర్థమూ చెడుతుంది. దుకాణంలో పెంటి అప్పటికే చూలుతో ఉంటుంది. కొన్నది రెండు చేపలు, తెచ్చినది ఒక ఊరు.

శంకలు, సమాధానాలు

శంక: పోతును తీసేస్తే సంతానం ఆగదా?

సమాధానం: ఆగదు. ఒకసారి కలిసిన పోతు బీజాన్ని పెంటి నెలల తరబడి ఒంట్లో దాచుకుని, కాన్పు వెంట కాన్పు ఒంటరిగానే కనగలదు. మా బామ్మర్ది పోతును సీసాలోకి మార్చి నెల రోజులు విజయగర్వంతో తిరిగాడు. తర్వాతి సంగతి రెండో పాదంలో ఉంది.

శంక: పెద్దలు చేపను అండజమన్నారు. పిల్లలను కనే చేప అండజమా, జరాయుజమా?

సమాధానం: గుడ్డు తల్లి కడుపులోనే ఉండి అక్కడే పిల్ల అవుతుంది. బయటికొచ్చేది పిల్లే గనుక చూడడానికి జరాయుజం. లోపల పిల్ల బతికేది ముఖ్యంగా గుడ్డులోని పచ్చసొన మీద గనుక అసలుకు అండజమే.

శంక: ఏ నీళ్లు పొయ్యాలి?

సమాధానం: ఏ బోరునీళ్లలో కందిపప్పు ఉడకదో ఆ గట్టినీళ్లే గప్పీకి హితం. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు బకెట్లో ఉంచాలి. వారానికి పావువంతు మార్చాలి. మొత్తం మార్చడం శుభ్రత కాదు, శిక్ష. తిండి రెండు నిమిషాల్లో తినేసేటంతే వెయ్యాలి. చేపలు ఎప్పుడూ ఆకలిగానే ఉన్నట్టు చూస్తాయి. మనం చుట్టాల మాట నమ్మినట్టు వాటిని నమ్మరాదు.

గప్పి శబ్ద విచారం

గప్పున పుట్టేది గప్పి అని కొందరు. అమ్మినవాడు కొట్టిన గప్పాల వల్ల గప్పి అని మరికొందరు. రెండూ రుచికరమైన అబద్ధాలు. ట్రినిడాడ్ దీవి నుంచి రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పంపిన చేపకు 1866లో గుంథర్ ఆయన పేరే పెట్టాడు. తీరా చూస్తే 1859లోనే పీటర్స్ అదే చేపకు పొయిసీలియా రెటిక్యులాటా అని నామకరణం చేసి ఉన్నాడు. శాస్త్రంలో పీటర్స్ పెట్టిన పేరు నిలిచింది, సంతలో గప్పీ పేరు నిలిచింది.

తల్లి పిల్లను తినుట

ఇది క్రౌర్యం కాదని టీకాకారుని మతం. కన్న క్షణంతో గప్పీ తల్లి బాధ్యత తీరిపోతుంది; ఆపైన నోట్లో పట్టేదంతా ఆహారమే. తండ్రికీ ఇదే నీతి. నివారణ: తొట్టి నిండా నాచు వేస్తే పిల్లలు దూరి దాక్కుంటాయి, లేదా నల్లమచ్చ ముదరగానే తల్లిని వేరే తొట్టిలోకి మార్చి, కాన్పవగానే వెనక్కి తీసుకోవాలి. అన్నిటినీ కాపాడితే ఏమవుతుందో కవికి తెలియదు, నాకు తెలుసు: ఇంట్లో పచ్చడి సీసాలు మిగలవు.

మిగులు చేపల వినియోగం

కాలువలో వదలమని ఉచిత సలహాలు వస్తాయి. కూడదు. వానాకాలం కుంటల్లో దోమల కోసం వదిలే గంబూషియా దీని దాయాదే. 1928లో మన దేశానికి వచ్చింది. అది దోమపిల్లలతో పాటు ఊరి చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుందని లోకమంతా లబలబలాడుతోంది. మలేరియా మూలం దోమ కడుపులో ఉందని 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ కనిపెట్టాడు. ఆ దోమ పిల్లను మింగే గుణం గప్పీకీ ఉంది. కనుక పెరట్లో గోలెంలో రెండు గప్పీలు ఉండడం ధర్మం, మంజీరలో ఉండడం అధర్మం.

మాయ

ఇక్కడ శ్లేష. మాయ అంటే కనికట్టు. మాయ అంటే కాన్పులో పడే జరాయువు కూడా. గప్పీకి ఆ రెండో మాయ లేదు. మాయ లేకుండా పిల్లలను కనడమే మొదటి మాయ. కవికి ఈ శ్లేష తెలియదని ప్రమాణం చేసి చెప్పగలను.

తాత్పర్యం

ఈ చేపను పెంచడానికి విద్య అక్కరలేదు, చాలనడానికే కావాలి.

కర్త విచారం

మొదటి పాదంలో ‘అనెను’ అన్నది ఎవరో కవి చెప్పలేదు. దుకాణదారని అధ్యాహారం చేసుకుని ఇంతదాకా రాశాను. నిన్న సాయంత్రం పక్కింటి పిల్లవాడు ఖాళీ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఒక పోతు, ఒక పెంటి వేసి మూత బిగించాను. వాడు మెట్లు దిగుతుంటే నోరు తనంతట తానే అంది: ‘జర పైలం, బిడ్డా.’

కర్త దొరికాడు.