కంపెనీ లాయరు చెవిన పడే ఐదు చెడ్డ సలహాలు

లా పట్టా చేతికి రాగానే కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన పిల్లలకు మొదటి నెలలోనే సలహాలు మొదలవుతాయి. క్యాంటీన్‌లో సీనియర్లు చెబుతారు, ఫైనాన్స్ వాళ్ళు చెబుతారు, ఒక్కోసారి ఎండీగారే పిలిచి చెబుతారు. చెప్పేవాళ్ళంతా మన మేలు కోరినట్టే ఉంటారు. నేనూ విన్నాను, ఒకటి పాటించి దెబ్బతిన్నాను. ఆ సలహాలు ఇవి. ఇవి ఎందుకు వినకూడదో కూడా చెబుతాను.

1. "జీతమిచ్చేవాడే మన కక్షిదారు"

కోర్టు లాయరుకు కక్షిదారు ఎవరో వకాలత్ మీది సంతకం చెబుతుంది. మనకు ఆ కాగితం ఉండదు కాబట్టి మన అప్రైజల్ రాసే అధికారే కక్షిదారనిపిస్తాడు. కాదు. మన కక్షిదారు కంపెనీ, చట్టం దృష్టిలో అది వేరే వ్యక్తి. 2008 డిసెంబరు 16న హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనడానికి ఒప్పుకుంది. మదుపర్లు తిరగబడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఆ రామలింగరాజే కంపెనీ లెక్కల్లో వేల కోట్లు బూటకమని లేఖ రాశారు. ఛైర్మన్ కోరేదీ కంపెనీకి మేలు చేసేదీ ఒకటి కాకపోవచ్చని హైదరాబాదులో ఉద్యోగం చేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

2. "పాత తేదీ వేసెయ్యండి, ఎవరు చూస్తారు?"

నేను పాటించిన సలహా ఇదే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆడిటర్లు అడిగిన ఒక సర్వీసు ఒప్పందం అసలు రాసుకోనేలేదని తేలింది. పని మాత్రం ఏడాదిగా జరుగుతూనే ఉంది. మా అధికారి పాత తేదీ స్టాంపు కాగితాలు తెప్పించారు. నేను ఆ తేదీతోనే డ్రాఫ్టు చేశాను. తర్వాత అవతలి పార్టీతో తగాదా వచ్చింది. ఒప్పందంలో రాసిన ఆఫీసు చిరునామాకు మేం మారింది ఆ తేదీ తర్వాత మూడు నెలలకని వాళ్ళ లాయరు పట్టుకున్నాడు. ఇక మేం చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మలేదు. వాళ్ళడిగినంత ఇచ్చి రాజీ పడ్డాం.

నిజానికి సరైన దారి ఎంతో తేలిక. ఇవాళ సంతకం పెట్టి, ఇవాళ్టి తేదీయే వేసి, పని నిజంగా ఎప్పటినుంచి జరుగుతోందో ఆ తేదీ నుంచి షరతులు వర్తిస్తాయని లోపల ఒక వాక్యం రాస్తే సరిపోయేది.

3. "లాయరుకు కాపీ పెడితే మెయిల్ గోప్యం"

ఈ భ్రమ చాలామంది పెద్ద మేనేజర్లకూ ఉంది. పూర్తికాలం జీతానికి పనిచేసే వ్యక్తి అడ్వకేటుగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన చెబుతుంది. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ గోప్యత కల్పించేది అడ్వకేటుకు. ఉద్యోగి లాయరుకు ఆ రక్షణ లేదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న స్పష్టంగా తేల్చింది. కాబట్టి సున్నితమైన విచారణ ఏదైనా ఉంటే మొదటి రోజునుంచే బయటి అడ్వకేటును పెట్టించండి. అలాగే గోడు వెళ్ళబోసుకోవడానికి వచ్చిన ఉద్యోగికి "ఇది మనిద్దరి మధ్యే" అని మాటివ్వకండి. "నేను కంపెనీ లాయరును, మీ లాయరును కాను" అని అతను నోరు విప్పకముందే చెప్పండి. ముందుగా చెప్పకపోతే నమ్మి వచ్చినవాణ్ణి మోసం చేసినట్టే.

4. "లంచాన్ని లైజనింగ్ ఖర్చని రాస్తే మనకంటదు"

అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ చదవండి. కంపెనీ పని కోసం దాని తరఫున ఎవరు లంచమిచ్చినా, కన్సల్టెంటు ఇచ్చినా సరే, కంపెనీ ముద్దాయి కావచ్చు. తెలిసి ఒప్పుకున్న డైరెక్టర్లకూ అధికారులకూ 3 నుంచి 7 ఏళ్ళ జైలు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లో దర్యాప్తు సంస్థకు చెప్పుకునే వీలు కూడా ఆ చట్టమే ఇచ్చింది. లైజనింగ్ బిల్లు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఏం పని చేశారు, రుజువేది, ఇంత రేటెందుకు అని అడగండి. జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.

5. "కాగితం మీద పెట్టకండి, నోటితో చెప్పండి"

నోటిమాట రేపు ఎవరికీ గుర్తుండదు. విశేషణాలూ నిందలూ లేకుండా, జరిగిందేమిటో, చట్టం ఏమంటుందో, మీరేం చేయమంటున్నారో ఒక్క పేజీలో రాసివ్వండి. వినకపోతే పై అధికారికి, ఆపైన ఆడిట్ కమిటీకి వెళ్ళండి. కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద లిస్టెడ్ కంపెనీల్లో విజిల్ మెకానిజం, అంటే తప్పుల మీద ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు, ఉండి తీరాలి. అవసరమైతే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌ను నేరుగా కలిసే దారి కూడా అందులో ఉండాలి. అక్కడా తలుపు మూసేస్తే ఉద్యోగం వదులుకోవలసి రావచ్చు. ఇంటి లోను నెత్తిమీద ఉన్నవాళ్ళకు అదెంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండని జూనియర్లందరికీ చెబుతాను.

ఆ పాత స్టాంపు కాగితం ఇచ్చిన అధికారి చెడ్డవాడేం కాదు. ఆడిట్ గండం ఎలా గట్టెక్కాలో తోచక తెప్పించాడు. "వద్దు సార్, ఇవాళ్టి తేదీతోనే రాద్దాం, దారి ఉంది" అని నేను అనుంటే బహుశా వినేవాడు. నేను అనలేదు. మీరు అనండి.