బేసి లెక్క

క్రాకోవ్‌లో నేను అద్దెకున్న ఇంట్లో డిసెంబరు వచ్చిందంటే దేవుళ్ల పంచాయతీ మొదలయ్యేది. కింది వాటాలో ఇంటావిడ ఉండేది. అందరికీ ఆవిడ బాబ్చా, అంటే బామ్మే. పొద్దున్నే చర్చికి వెళ్లొస్తే గాని కాఫీ ముట్టని కాథలిక్కు. అల్లుడేమో స్లావుల పాత దేవతలను కొలిచే మనిషి. పోలండులో ఇలాంటివాళ్ల సంఘాలు 1990ల నుంచీ ప్రభుత్వ రిజిస్టర్లో ఉన్నాయి. బాబ్చా మాత్రం అదేదో చేతబడి వ్యవహారమైనట్టు ఆ మాటొస్తే గొంతు తగ్గించేది.

అల్లుడుగారి పండుగ డిసెంబరు 21 ప్రాంతంలో, పొద్దు మళ్లే రోజున వస్తుంది. దాన్ని ష్చొద్రె గొడి అంటారు. అత్తగారిది 24 రాత్రి విగీలియా. రోజుల తేడాతో రెండు విందులు వండి వండి నడుం పడిపోయిన కూతురు ఒక ఏడు తెగేసి చెప్పిందట: "ఒకటే బల్ల, ఒకటే వంట. ఎవరి దేవుళ్లను వాళ్లు తెచ్చుకోండి." అప్పట్నుంచి అందరికీ 24నే పండుగ.

బల్ల ఒకటైంది గాని మాట ఒకటి కాలేదు. బల్ల మీద తెల్లగుడ్డ కింద గుప్పెడు ఎండుగడ్డి పరుస్తారు. బాల యేసు పశువుల తొట్టిలో పడుకున్న గడ్డికి గుర్తు అనేది బాబ్చా. "966కు ముందు నుంచే పరుస్తున్నారు అత్తయ్యా" అనేవాడు అల్లుడు. పోలండు పాలకుడు మ్యెష్కో బాప్తిస్మం తీసుకున్న ఏడు అది. ఆ అంకె పలక్కుండా ఆయన ఏ వాదనా ముగించగా నేను వినలేదు. వంటకాలు 12. ఎందుకంటే అపొస్తలులు 12 మంది గనుక అని ఆవిడ, నెలలు 12 గనుక అని ఈయన. గోధుమలు, గసగసాలు, తేనె కలిపి చేసే కుత్యా ఆవిడకు పండుగ తీపి, ఈయనకు పోయినవాళ్లకు పెట్టే కూడు. గుంటూరు వైపు క్రిస్మస్‌కు అరిసెలు వండే ఇళ్లలో తిని పెరిగినవాణ్ణి, నాకు ఇందులో వింతేమీ కనపడేది కాదు. ఇద్దరికీ చెరోసారి తలూపి కుత్యా ఇంకాస్త వేయించుకునేవాణ్ణి.

అసలు గొడవంతా ఖాళీ కుర్చీ దగ్గర. విగీలియా బల్ల దగ్గర ఒక కుర్చీ, దాని ముందు ఒక పళ్లెం అదనంగా ఉంచుతారు. దారి తప్పి తలుపు తట్టే బాటసారి కోసమంటుంది బాబ్చా. ఆ బాటసారి వేషంలో వచ్చేది క్రీస్తేనని ఆవిడ నమ్మకం. కాదు, అది పోయిన పెద్దల కుర్చీ, వాళ్లు ఆ రాత్రి తప్పకుండా వస్తారని అల్లుడు. అంతటితో ఆగడు. తన కుర్చీలో కూర్చోబోయే ముందు దాని మీద 'ఉఫ్' అని ఊదేవాడు, కనపడని ముత్తాత ఎవరైనా ముందే వచ్చి కూర్చుని ఉంటే ఆయన ఒళ్లో కూలబడకూడదని. బాబ్చా ముక్కు విరిచేది. విరుస్తూనే తన కుర్చీని మాత్రం అరచేత్తో ఓసారి తుడిచి మరీ కూర్చునేది. దుమ్మేమీ ఉండేది కాదు.

ఒక ఏడు ఆ బల్ల దగ్గరికి నన్నూ పిలిచారు. అంతకుముందు వాళ్లు కూర్చునేదాకా ఉండి పైకెళ్లిపోయేవాణ్ణి, నా వాటా నాకు పై గదికే వచ్చేది. "పైన ఒక్కడివే ఏం చేస్తావు బాబూ, నువ్వూ ఇంటివాడివే" అంది బాబ్చా. వాళ్ల వంటింటి గోడ మీద దారంతో కుట్టిన సామెత ఉంది, ఇంటికి అతిథి వస్తే దేవుడొచ్చినట్టేనని. దాన్ని నేను రోజూ చూస్తున్నా ఆ రోజే చదివినట్టనిపించింది. చొక్కా ఇస్త్రీ చేసుకుని, మా అమ్మ పంపిన సున్నుండల డబ్బా పట్టుకుని దిగాను.

ఆ రాత్రి మాంసం ఉండదు. బీట్‌రూట్ చారు కాగుతోంది. మన బొచ్చెకు దూరపు చుట్టమైన కార్ప్ చేప వేగుతోంది. బాబ్చా ఆ చేప పొలుసొకటి కడిగి, తుడిచి నా పర్సులో పెట్టింది, ఏడాదంతా డబ్బు నిలుస్తుందని. అది ఏ మతం కిందికి వస్తుందో ఇద్దరూ చెప్పలేదు. పిల్లలు కిటికీకి ముక్కులు ఆనించి తొలి చుక్క కోసం చూస్తున్నారు. అది కనపడితే గాని ఎవరూ కూర్చోరు.

చుక్క కంటే ముందు ఫోను మోగింది. గ్దాన్స్క్ నుంచి రావలసిన చిన్న కూతురు. మంచుకు రైలు ఆగిపోయిందట, ఈ రాత్రికి రాలేదట.

బాబ్చా ఫోను పెట్టేసి బల్ల చుట్టూ వేలు తిప్పుతూ లెక్కపెట్టింది. అల్లుడు పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుని వంటింట్లోకి నడిచారు. వాళ్లిద్దరూ గొంతు పెంచకుండా మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు.

బయటికొచ్చి బాబ్చా నా భుజం మీద చెయ్యి వేసింది. "బాబూ, నీకు జనవరిలో పరీక్షలున్నాయి కదూ?"

"ఉన్నాయి బాబ్చా."

"ఏమీ అనుకోకు. నువ్వు లేకపోతే 13 మందిమి అవుతామని పిలిచాను. ఇప్పుడు నువ్వుంటే 13 అవుతున్నాం. ఆఖరి విందులో యూదాతో కలిపి ఎంతమంది కూర్చున్నారో నీకూ తెలుసుగా."

"బల్ల దగ్గర బేసి కూర్చుంటే వచ్చే పండుగకి ఒకరు తగ్గుతారు" అందుకున్నాడు అల్లుడు. "966కు ముందు నుంచీ ఉన్న మాటే."

ఈసారి ఆవిడ ఆయనకు అడ్డు చెప్పలేదు. పైగా 12 వంటకాలూ అప్పటికే డబ్బాల్లో సర్ది సంచీ నా చేతికిచ్చారు. సున్నుండల డబ్బా మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.

తలుపు దాకా వెళ్లాక నాకు మంచి ఉపాయం తట్టింది. వెనక్కి తిరిగి ఆ ఖాళీ కుర్చీ చూపించాను. "అక్కడున్నాయన్ని మరిచిపోయాం బాబ్చా. ఆయన్నీ కలుపుకుంటే 14, సరిపోతుంది!"

అత్తా అల్లుళ్లిద్దరూ ఒక్కసారే తల తిప్పి కుర్చీ వంక చూశారు, ఒక్కసారే అన్నారు:

"అక్కడా? అక్కడెవరున్నారు?"