మందు లెక్క తప్పిన చెల్లెమ్మకు

నర్సింగ్ పరీక్షల్లో మిగతా పేపర్లన్నీ గట్టెక్కి, మందుల మోతాదు లెక్కల దగ్గర బోల్తా పడ్డావు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నారట మేడమ్. హాస్టల్ మంచం మీద దుప్పటి ముసుగేసుకుని పడుకున్నావని తెలిసింది. లే. ఇలాంటి కష్టానికి పనికొచ్చే సలహాలు నా దగ్గర బోలెడున్నాయి. వాటిని పాటించి బాగుపడినవాళ్లు ఒక్కరూ లేరు కాబట్టి ఏదీ అరిగిపోలేదు.

ముందు తప్పెవరిదో తేల్చుకోవాలి. నీది కాదు, అంతవరకూ ఖాయం. బైపీసీ తీసుకున్నదే లెక్కలు వదిలించుకోవడానికి. పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే లెక్కల గైడు పాత పేపర్లవాడి తక్కెట్లోకి వెళ్లిపోయింది. ఇంటర్‌లో బొద్దింక కాళ్లు లెక్కపెట్టడం తప్ప పెద్దగా లెక్క తగలకుండా రెండేళ్లు హాయిగా గడిచాయి. ఇప్పుడు మధ్యలో ఈ మిల్లీగ్రాములూ మైక్రోగ్రాములూ ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? సిలబస్ రాసినవాళ్లది తప్పు. పేపర్ ఇచ్చినవాళ్లది తప్పు. కాలిక్యులేటర్ తెచ్చుకోనివ్వని ఇన్విజిలేటర్‌ది మరీ తప్పు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కొందరు. మద్దెల నిజంగానే ఓటిదని వాదించడానికి నీకు ఏడాదంతా తీరికుంది.

తర్వాత, ఎవరికీ చెప్పకు. అమ్మ ఫోన్ చేస్తే "ఆ, బాగానే ఉన్నానమ్మా, డ్యూటీకి టైమైంది" అని పెట్టెయ్. జూనియర్లతో కలిసి కూర్చోవాల్సి వస్తే ఆఖరి బెంచీలో కిటికీ పక్కన కూర్చో. క్లాసులో సందేహం అడగొద్దు, పిల్లలు నవ్వుతారు. వార్డులో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అసలే అడగొద్దు. ఆవిడ నవ్వకుండా రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది, అర్థమైపోయే ప్రమాదం ఉంది.

మళ్లీ మొదటి నుంచి అంటే మొన్న ఆగిన చోటి నుంచి అని అర్థం చేసుకో. ఆరో తరగతి దాకా వెనక్కి వెళ్లమనేవాళ్ల మాట వినకు. నీ పేపర్లో వచ్చిన లెక్కలకు కావలసిందల్లా ఆరో తరగతి పుస్తకంలో నిష్పత్తి, అనుపాతం, దశాంశాల పాఠాల్లోనే ఉన్న మాట నిజమే. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన సంస్కృతం నుంచి తెచ్చి తెలుగు పద్యాల్లో చెప్పిన త్రైరాశికమూ ఇదే. ఇంతకు ఇంతయితే అంతకు ఎంత? మాత్ర 250 మిల్లీగ్రాములైతే 500కి ఎన్ని మాత్రలు? ఇంతకు మించి అందులో బ్రహ్మవిద్య లేదు. కానీ ఈ సంగతి బయటపడితే భయం పోతుంది. భయం పోతే సాకు పోతుంది. పైగా రేపోమాపో స్టాఫ్ నర్సు కాబోయే పిల్ల తమ్ముడి సంచిలోంచి ఆరో తరగతి పుస్తకం తీసుకుని కూర్చుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

కాబట్టి సూత్రం ఒక్కటి బట్టీ పట్టు. కావలసిందాన్ని ఉన్నదానితో భాగించి పరిమాణంతో హెచ్చవేయడం. ఏది కావలసింది, ఏది ఉన్నది అని తరచి చూడకు. ఉదాహరణకు 12 కిలోల పాపకు జ్వరం. డాక్టరు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ రాశారు. మొత్తం 180 మిల్లీగ్రాములు, ఇంతవరకూ నీకూ వచ్చు. ఇక సీసా దగ్గరికి రా. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ ఉంది. అదే 5 మిల్లీలీటర్లలో 250 ఉండేదీ ఉంది. ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండే చుక్కల మందూ ఉంది. మొదటిదైతే 7.2 మిల్లీలీటర్లు పట్టాలి, రెండోదైతే 3.6, మూడోదైతే 1.8. పాప ఒకటే, జ్వరం ఒకటే, మందూ ఒకటే, కొలతలు మాత్రం మూడు. ఇంత గందరగోళం మనకెందుకు? లేబుల్ చదవడం మానేస్తే ఈ బాధే ఉండదు. మొదటి సీసా లెక్క గుర్తుపెట్టుకుని చుక్కల మందులోంచి కూడా 7.2 తీస్తే 720 మిల్లీగ్రాములవుతుంది, అంటే నాలుగింతలు. జ్వరం నాలుగింతలు త్వరగా దిగుతుందని తల్లికి ధైర్యం చెప్పు. లివర్ సంగతి పెద్ద డాక్టర్లు చూసుకుంటారు.

సున్నాల దగ్గర పిసినారితనం వద్దు. 5 మిల్లీగ్రాములని రాయాల్సిన చోట 5.0 అని రాయి, చూడ్డానికి నిండుగా ఉంటుంది. నైట్ డ్యూటీ సిస్టర్‌కి మధ్యలో చుక్క కనబడకపోతే అది 50 అవుతుంది, అది ఆవిడ కళ్లజోడు లోపం. అర మిల్లీగ్రాముకి మాత్రం ముందు సున్నా పెట్టకుండా .5 అని గీకి సిరా ఆదా చెయ్యి.

ఇన్సులిన్ సిరంజిల మూతలకు రంగులెందుకు వేశారనుకున్నావు? అందం కోసం. ఎర్ర మూతది 40 యూనిట్ల సిరంజి, నారింజ మూతది 100 యూనిట్లది అని గిట్టనివాళ్లు చెబుతారు. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వయల్ దొరుకుతుంది, 100 ఉండేదీ దొరుకుతుంది. డాక్టరు 20 యూనిట్లు రాశారు. చేతిలో ఉన్నది 40 వయల్, ట్రేలో దొరికింది నారింజ మూత. 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది 8 యూనిట్లే. షుగర్ దిగలేదని డాక్టరు మోతాదు పెంచుతారు, నీకేం నష్టం? తిరగేసి 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజిలోకి అదే 20 గీత దాకా లాగావనుకో, 50 యూనిట్లు. తెల్లారేసరికి ఆ బెడ్ ఖాళీ కావచ్చు. సిరంజి మీద గీతలు ఎక్కడైనా గీతలే, 20 అంటే 20 అని నమ్మేవాళ్లకు ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

సెలైన్ సంగతి సులువు. 500 మిల్లీలీటర్లు 8 గంటల్లో వెళ్లాలి, సెట్టు మీద మిల్లీలీటరుకి 20 చుక్కలని ఉంది. 500ని 20తో హెచ్చవేస్తే 10,000 చుక్కలు. 8 గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి 21 చుక్కలు, కొంచెం అటూఇటూ. తర్వాత చేతి గడియారం ముందు పెట్టుకుని ఛాంబర్‌లో చుక్కలు లెక్కపెడుతూ రెగ్యులేటర్ సర్దాలట. మైక్రో సెట్టయితే మిల్లీలీటరుకి 60 చుక్కలు, లెక్క మళ్లీ మారుతుంది. అంతసేపు బెడ్ దగ్గర నిలబడితే కాళ్లు పీకుతాయి. చక్రం కంటికి నచ్చినంత తిప్పి వచ్చెయ్. అయిపోయినప్పుడు "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని అటెండెంటే పరుగెత్తుకొస్తాడు. రెండు గంటలకే వచ్చాడా, ఎనిమిది గంటలకా, ముసలాయన గుండెకి ఆ నీళ్లు తట్టుకునే శక్తి ఉందా అన్నవి కేస్ షీట్లో చూడాల్సిన విషయాలు, మనకు తీరిక లేదు.

ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటివి ఇద్దరు విడివిడిగా లెక్క కట్టి సరిచూశాకే ఇవ్వాలన్న పద్ధతి ఉంది చూశావా, దానికీ ఉపాయముంది. పక్క సిస్టర్‌తో సంతకం పొద్దున్నే పెట్టించేసుకో. పాపం ఆవిడకీ పదిమంది పేషెంట్లుంటారు.

మీ రూమ్మేట్ గురించి విన్నాను. నీతో పాటే తప్పిందట. రోజూ వార్డులో కనబడ్డ వయల్ లేబుల్ రాసుకొచ్చి, రాత్రికి ఐదు లెక్కలు చేస్తుందట. చేశాక జవాబు వంక ఓసారి చూసి "ఒక పూటకి పది మాత్రలా? ఎక్కడో తప్పాను" అని తనే కొట్టేసి మళ్లీ మొదలుపెడుతుందట. ఆ పిల్లతో మాట్లాడటం మానెయ్. ఇలాంటివి అంటుకుంటాయి.

ఇక మార్కులు. పరీక్షలో 50 శాతం వస్తే పాస్. అదే న్యాయం వార్డుకీ వర్తింపజేస్తే పదిమందిలో ఐదుగురికి సరైన మోతాదు పడితే చాలు. అమెరికాలో చాలా నర్సింగ్ కాలేజీలు మందుల లెక్కల్లో 90 శాతమో అంతకు పైనో తెచ్చుకోనిదే పిల్లల్ని పేషెంట్ దగ్గరికి పంపవట. అందుకే వాళ్లకి నర్సులు చాలడం లేదు. నువ్వు ఎలాగూ ఇంగ్లండ్ వెళ్తావు, అక్కడ లెక్కల గొడవ ఉండదని మీ పెదనాన్నగారు అన్నారు కదా. అక్కడి రిజిస్ట్రేషన్ కోసం కంప్యూటర్ మీద రాయాల్సిన సీబీటీ పరీక్షలో మొదటి భాగమే లెక్కలనీ, 15 ప్రశ్నలకు 30 నిమిషాలనీ, గుడ్డిగా గురిపెట్టడానికి ఆప్షన్లు కూడా ఉండవనీ ఆయనకు చెప్పి పెద్దాయన మనసు కష్టపెట్టకు.

కొవ్వొత్తి వెలిగించి ప్రమాణం చేసే లాంప్ లైటింగ్ రోజు నైటింగేల్ చేతిలో దీపాన్ని మాత్రమే తలుచుకో. ఆవిడ క్రిమియా యుద్ధంలో సైనికుల చావుల లెక్కలను రంగుల చక్రాలుగా గీసి ప్రభుత్వాన్ని కదిలించిందనీ, 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి మహిళ అనీ ఎవరైనా ఎత్తితే మాట మార్చెయ్. కొవ్వొత్తి పట్టుకోవడానికి అంత చదువక్కర్లేదు.

ఆఖరిగా ఒక మాట. సప్లిమెంటరీ ఫీజు గడువు కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించే ఉంటారు. అటు చూడకు. చూస్తే కట్టాలనిపిస్తుంది, కడితే చదవాలనిపిస్తుంది.